ఏనుగు తోక, నా డిగ్రీ

మా అమ్మాయి ప్లస్ టూ మొదటి ఏడాది. వాళ్ళ లెక్కల మేడం ఒక ప్రాజెక్టు ఇచ్చారు. ఫంక్షన్ల గ్రాఫులు మాత్రమే వాడి ఏదో ఒక జంతువు బొమ్మ వెయ్యాలి. పిల్ల చేపతో సరిపెట్టుకుందామనుకుంది. గిన్నెలా వంగే గీతలు, పారాబొలాలు, రెండు ఎదురెదురుగా పెడితే చేప వచ్చేస్తుంది. పోనీలే అని ఊరుకుంటే ఆ రాత్రి పదింటికల్లా అందరం పడుకునేవాళ్ళం.

"పర్లాకిమిడిలో పుట్టి చేపేటే? మన జిల్లా పేరే గజపతి. ఏనుగు వేద్దాం. నేనున్నాను కదా, బి.ఎస్సీ. మ్యాథ్స్" అన్నాను.

బట్టల కొట్టులో పద్దులు రాసుకునేవాడికి తన డిగ్రీ గుర్తు చేసుకునే అవకాశం ఏడాదికి ఒకసారి రావడమే గొప్ప. అందుకే ఇంకో మెట్టు పైకెక్కాను. నాలుగు అంకెలు చేతికిస్తే ఏనుగును గీస్తానని, అయిదోది ఇస్తే తొండం కూడా ఊపిస్తానని ఫాన్ నాయ్‌మన్ అనే లెక్కల మేధావి అనేవాడట. ఆ మాట 1953లో ఫెర్మీ అనే భౌతిక శాస్త్రవేత్త డైసన్ అనే ఇంకో శాస్త్రవేత్తకి చెప్పాడు. 2010లో ముగ్గురు శాస్త్రవేత్తలు దాన్ని నిజంగానే గీసి చూపించారు కూడా. ఇదంతా చెప్పి, "నాలుగంటే నాలుగే అంకెలమ్మా" అన్నాను. అవి మామూలు అంకెలు కావనీ, ఒక్కోదాంట్లో రెండేసి అంకెలు దాగుండే సంకీర్ణ సంఖ్యలనీ మాత్రం చెప్పలేదు.

ఫోన్‌లో గ్రాఫులు గీసే డెస్మోస్ యాప్ తెరిచి ఒంటికి ఒక దీర్ఘవృత్తం కొట్టాను. గుండ్రంగా, ముద్దుగా వచ్చింది.

"ఇది ఫంక్షన్ కాదు నాన్నా. ఒక ఎక్స్‌కి ఒక్క వై ఉండాలి, రెండు వస్తున్నాయి. మేడం కొట్టేస్తారు."

నిజమే. ఏనుగును అడ్డంగా కోశాం. ప్లస్ వర్గమూలంతో వీపు, మైనస్ వర్గమూలంతో పొట్ట. ఇక కాళ్ళు. నాలుగు కాళ్ళకి ఎనిమిది నిలువు గీతలు. అమ్మాయి మళ్ళీ చెయ్యి అడ్డం పెట్టింది. నిలువు గీతలో ఒక్క ఎక్స్‌కి లెక్కలేనన్ని వైలు! అది అసలే కుదరదు. గిడుగు రామమూర్తి గారు మేష్టారుగా పనిచేసిన ఊరు మాది. ఆయన మా వాడుక మాటకి అంత పోరాడారు గదా, లెక్కల వాళ్ళతో కూడా ఒక మాట చెప్పించి ఉంటే ఏనుక్కి కాళ్ళు మిగిలేవి. చివరికి వాలు 20 పెట్టి, దాదాపు నిటారుగా కనిపించే గీతలు వేశాను. ఏ గీత ఎక్కడ ఆగాలో చెప్పడం మర్చిపోయాను. ఎనిమిది గీతలూ పొట్టలో దూరి, వీపు చీల్చుకుని పైకి పోయాయి.

మా అమ్మ కళ్ళజోడు సర్దుకుని చూసింది. "భీష్ముడా? అంపశయ్య బాగా వేశారు."

ఫ్లవర్ బ్రాకెట్లలో హద్దులు రాస్తే కాళ్ళు కాళ్ళయ్యాయి. తొండం పైకెత్తాలని, అలా ఉంటేనే ఇంట్లో లక్ష్మి నిలుస్తుందని అమ్మ పట్టుబట్టింది. పారాబొలాకి మైనస్ తీసేశాను, తొండం లేచింది. ఆ రాత్రి నేను తప్పు లేకుండా చేసిన పని అదొక్కటే.

మిగిలింది తోక. కిందికి దిగే గీతకి అలలా ఊగే సైన్ ఫంక్షన్ కలిపితే మెలికలు తిరగాలి కదా? తిరగలేదు. కర్రలా ఉండిపోయింది. సైన్ ముందు 2 పెట్టాను, 5 పెట్టాను. కర్ర కాస్త పైకి జరిగిందే గానీ వంగలేదు. పన్నెండున్నర దాటింది. మా ఆవిడ లైటు ఆర్పమని మూడోసారి చెప్పింది. మూడోసారి ఆవిడ చెప్పే తీరు వేరు. నాకు టెన్షన్ మొదలైంది.

అమ్మాయి ఫోన్ లాక్కుని రెండు నిమిషాలు చూసింది.

"తప్పంతా డిగ్రీలోనే ఉంది నాన్నా."

నా గుండె కలుక్కుమంది. కన్నకూతురు! "నా డిగ్రీని ఏమైనా అంటే..." అని మొదలుపెట్టేలోగా సెట్టింగ్స్ చూపించింది. కోణాలు డిగ్రీల్లో ఉన్నాయి, కోణాలకే ఉన్న ఇంకో కొలత రేడియన్లలో ఉండాలి. సైన్ లోపల నేను 8ఎక్స్ రాశాను. డిగ్రీల లెక్కన ఒక్క మెలికకి 360 కావాలి, అంటే తోక 45 గళ్ళు అడ్డంగా సాగాలి. మా ఏనుగు మొత్తం పొడవే 12 గళ్ళు. రేడియన్ నొక్కగానే తోక గిలగిలా మెలికలు తిరిగింది. ఇద్దరం చప్పట్లు కొట్టాం. లోపలి గదిలోంచి నాలుగోసారి వినపడింది.

పొద్దున్నే ఇద్దరం జిరాక్స్ కొట్టులో కలర్ ప్రింటు తీయించి వస్తుంటే పక్కింటాయన అరుగు మీద కనిపించాడు. కొమ్ముతో బొమ్మలు చేస్తాడు. మా ఊరు ఆ పనికి పేరుపడ్డదే. ఒడియా ఆయన, మాతో తెలుగే మాట్లాడతాడు. చేతిలో ఆకురాయి పక్కన పెట్టి కాగితాన్ని దూరంగా పట్టుకుని చూశాడు.

"ఏనుగే, బావుంది. మరి వెనక ఈ పామేటి?"

"తోకండీ."

"ఏనుగు తోక ఇలగ మెలికలు తిరుగుతాదేటండి?" అని లోపలికెళ్ళి, తను చేసిన నల్లటి ఏనుగొకటి తెచ్చి నా అరచేతిలో పెట్టాడు. తోక నిటారుగా, పుల్లలా దిగి ఉంది.

అమ్మాయి నన్ను చూడలేదు. నవ్వూ ఆపుకోలేదు. ఫోన్ తీసి మళ్ళీ డిగ్రీ నొక్కి, "నాన్నా, ఇంకో ప్రింటుకి డబ్బులు" అని చెయ్యి చాపింది.