సంతకం ఆమెది, మాట యాజమాన్యానిది

బెంగళూరులోని కొన్ని ప్రైవేటు పాఠశాలలు స్పెషల్ ఎడ్యుకేటర్లను, అంటే ప్రత్యేక అవసరాల పిల్లలకు బోధించే ఉపాధ్యాయులను, అదే పిల్లలను బయటికి పంపే పనికి వాడుకుంటున్నాయి. "విడిగా కొంత బోధన, పరీక్షలో అదనపు సమయం ఇస్తే ఈ తరగతిలోనే చదవగలడు" అని పిల్లవాడిని పరీక్షించిన ఉపాధ్యాయురాలు రిపోర్టులో రాసిన వాక్యం ప్రిన్సిపల్ గదికి వెళ్లి, "మా పాఠశాల ఇతనికి అనువైనది కాదు" అని మారి తిరిగొస్తుంది. దానిపై సంతకం చేయకపోతే వచ్చే ఏడాది ఆమెకు కాంట్రాక్టు ఉండదు. ఆ కాగితాన్నే చూపించి తల్లిదండ్రుల చేతిలో టీసీ పెడుతున్నారు.

కిక్కిరిసిన తరగతుల్లో ఒక్కరిపైనే ఎంత శ్రద్ధ పెట్టగలమని యాజమాన్యాలు అడుగుతున్నాయి. అయితే మరో టీచరును నియమించండి. రిపోర్టు జోలికి వెళ్లకండి.

అడిగిన వారికి అనుకూలంగా రిపోర్టు ఒకసారి మారితే రేపు ఏ రిపోర్టును నమ్మాలి? ఈ నగరంలోని తెలుగు కుటుంబాలకు ఈ భయం మరీ ఎక్కువ. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం, రిపోర్టు కోసం పిల్లవాడికి పెట్టే పరీక్ష మాత్రం ఇంగ్లిషులో. బొమ్మ చూసి తెలుగులో సరిగ్గా పేరు చెప్పిన పిల్లవాడికి మార్కు పడదు. తెలుగులో మళ్లీ పరీక్షించాలని చెప్పాల్సిన నిపుణురాలిని తొందరపెట్టి, భాష రాకపోవడాన్నే లోపంగా రాయిస్తే ఆ ముద్ర పదో తరగతి దాకా వెంటాడుతుంది.

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 16వ సెక్షన్ ప్రకారం గుర్తింపు పొందిన పాఠశాలలు దివ్యాంగ పిల్లలను వివక్ష లేకుండా చేర్చుకునేలా, తగిన సదుపాయాలు కల్పించేలా ప్రభుత్వం చూడాలి. చట్టాన్ని ఉల్లంఘిస్తే తొలిసారి జరిమానా గరిష్ఠంగా 10,000 రూపాయలు. ఇక్కడి ఎన్నో పాఠశాలల్లో ఒక టర్ము ఫీజుకైనా చాలని మొత్తమది! రిపోర్టు తప్పని తేలితే మాత్రం స్పెషల్ ఎడ్యుకేటర్లను నమోదు చేసే భారత పునరావాస మండలి ముందు సంజాయిషీ చెప్పుకోవాల్సింది రిజిస్ట్రేషన్ ఉన్న ఉపాధ్యాయురాలే. మార్పించినవారి పేరు ఆ కాగితంపై ఎక్కడా ఉండదు. రిపోర్టు మార్చనన్నందుకు ఉద్యోగం పోతే ఆమెకు అండ ఎవరు?

ప్రాథమిక స్థాయిలో పదిమంది ప్రత్యేక అవసరాల పిల్లలకు ఒక ప్రత్యేక ఉపాధ్యాయుడు ఉండాలని సుప్రీంకోర్టు 2021లోనే చెప్పింది. ఉన్న కొద్దిమందినీ ఇలా నోరు నొక్కి పనిచేయిస్తే ఆ లెక్క పూర్తయినా ఫలితముండదు. నిపుణురాలు రాసిన రిపోర్టు ప్రతి అదే రోజు నేరుగా తల్లిదండ్రులకు అందాలని కర్ణాటక విద్యాశాఖ వెంటనే ఉత్తర్వు ఇవ్వాలి. మార్పించినవారిపై కేసు పెట్టాలి. అడ్మిషన్ల వేళ బ్రోచర్లలో సమ్మిళిత విద్య, అంటే అందరు పిల్లలకూ ఒకే తరగతిలో చదువు, అని అచ్చువేసుకుని, ఏడాది తిరక్కుండా పిల్లవాడిని గెంటేసే యాజమాన్యాలు ముందు ఆ మాటను బ్రోచర్లలోంచి తీసేయాలి.