తల్లిగారింట్లో అల్లుడి కుర్చీ

మా వరంగల్ పక్క తొలి కాన్పు తల్లిగారింట్లోనే. దీన్ని కాదనేవాళ్లు లేరు, కాదనాల్సిన అవసరమూ నాకు కనిపించదు. ఏడో నెలలోనో తొమ్మిదో నెలలోనో ఆడబిడ్డను తీసుకుపోతారు. కాన్పు చేయిస్తారు, ఇరవై ఒకటో రోజు తొట్టెల, అంటే ఉయ్యాల, వేస్తారు. మూడో నెలలోనో ఐదో నెలలోనో చీరె సారె పెట్టి, బిడ్డతో సహా అత్తగారింటికి పంపిస్తారు. ఇన్ని నెలలు భర్త ఎక్కడున్నాడని ఎవరూ అడగరు. ఆయన వారానికోసారి వస్తాడు. వచ్చి కుర్చీలో కూర్చుంటాడు. నా గొడవంతా ఆ కుర్చీతోనే.

అల్లుడు వస్తున్నాడంటే ఆ ఇంట్లో పని తగ్గదు, పెరుగుతుంది. శుక్రవారం నేను ఆఫీసు ముగించుకుని సికింద్రాబాద్‌లో బండెక్కి, కాజీపేటలో దిగి, ఆటోలో హనుమకొండ నయీంనగర్‌లోని అత్తగారిల్లు చేరేసరికి రాత్రి పదకొండు దాటుతుంది. అప్పటిదాకా అత్తమ్మ పడుకోదు. పొద్దంతా బాలింతకూ పసిబిడ్డకూ చేసి నడుము పట్టేసిన మనిషి, ఆ రాత్రి లేచి నాకోసం కూర వేడి చేస్తుంది. తెల్లారితే మామయ్య సంచి పట్టుకుని నాటుకోడి కోసం బయల్దేరుతాడు. పొయ్యి మీద రెండు వంటలు: అల్లుడికి కోడికూర, బాలింతకు బీరకాయ, ఎల్లిపాయ కారం. ఆ వాసన పీలుస్తూ నా భార్య మంచం మీద నుంచి నన్ను చూసే చూపు గురించి రాస్తే సంపాదకులు కత్తిరిస్తారు.

ఇక ఆ రెండు రోజుల్లో తండ్రి చేసే పనేమిటి? బిడ్డను చేతిలో పెడతారు, ఫోటో తీస్తారు. ఏడవగానే తీసుకుంటారు. తడిస్తే తీసుకుంటారు. ఆకలైతే ఎలాగూ తీసుకుంటారు. అంటే పాప నవ్వినంతసేపే మన పాప. మా పాప తొలి నవ్వు నాకు వాట్సాప్‌లో వచ్చింది. మీటింగ్ మధ్యలో కెమెరా ఆపేసి చూశాను, మళ్లీ చూశాను, పక్క సీటు అతనికి చూపించాను, అతను పెళ్లికాని పిల్లాడు, పాపం మొహమాటానికి రెండోసారి కూడా చూశాడు. ఆ సంతోషంతో శనివారం ఎత్తుకోబోతే పాప కింది పెదవి వణికించి, ముఖం ఎర్రగా చేసుకుని, ఇల్లెగిరిపోయేలా ఏడ్చింది. "కొత్త కదా బాబూ" అని అత్తమ్మ ఓదార్చింది. పాలు పోసే అతను కొత్త కాదు, పక్కింటి పిల్ల కొత్త కాదు, నేను కొత్త.

ఆచారాన్ని తిట్టాలని నాకు లేదు. బాలింత పగలు పడుకుంటే తల్లిగారింట్లో ఎవరూ గడియారం వైపు చూడరు. తల దువ్వుకోకపోయినా, అమ్మ మీద అరిచినా, తినకుండా అలిగినా చెల్లుతుంది. కాన్పయిన మొదటి రోజుల్లో ఊరికే ఏడుపు రావడం చాలామంది తల్లులకు ఉండేదే. అలా ఏడవడానికి అమ్మ పక్కను మించిన చోటు లేదు. కానీ ఆ దిగులు రెండు వారాలు దాటినా తగ్గకపోతే డాక్టరు దగ్గరికి తీసుకుపోవాలి. తగ్గిందో లేదో వారానికోసారి వచ్చేవాడికి ఏం తెలుస్తుంది? ఫోన్లో ఎప్పుడు అడిగినా "బాగానే ఉన్నా" అనే అంటుంది. పక్కన అమ్మ, పిన్ని, చూడ్డానికి వచ్చిన చుట్టాలు ఉండగా ఇంకేమంటుంది?

పైగా ఈ పద్ధతి పెట్టుకున్నప్పటి కాన్పులు వేరు, ఇప్పటివి వేరు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో కాన్పుల్లో 60.7 శాతం ఆపరేషన్లే. ఆ సర్వేలో దేశంలో మరే రాష్ట్రంలోనూ ఇంత లేదు. ముహూర్తం పెట్టించుకుని మరీ కోయించుకునేవాళ్ల సంగతి ఇంకోసారి మాట్లాడుకుందాం. కుట్లు పడ్డ మనిషి కొన్ని వారాల పాటు బరువులు ఎత్తకూడదు, వంగి లేవాలన్నా నొప్పే. రాత్రి రెండు గంటలకోసారి బిడ్డను ఎత్తి పక్కలో వేయాలి, పాలు తాగాక భుజం మీద వేసుకుని తేన్పు వచ్చేదాకా వీపు నిమరాలి, తడి గుడ్డలు మార్చాలి. అవన్నీ ఎవరు చేస్తున్నారు? అమ్మమ్మ. ఇప్పటి అమ్మమ్మకు యాభై దాటాయి, మోకాళ్ల నొప్పులు, బీపీ గోలీలు. స్కూల్లో ఉద్యోగమో, ఇంట్లో కుట్టుమిషనో ఉంటుంది. సిరిసిల్ల, జగిత్యాల వైపు చాలా ఇళ్లలో బీడీలు చేస్తుంటుంది. మనవరాలిని ఎత్తుకున్న పూట బీడీల లెక్క తగ్గుతుంది, కూలి తగ్గుతుంది. ఆమె అట్లా నలిగిపోతుంటే, ముప్పై ఏళ్ల ఆరోగ్యవంతుడు కుర్చీలో కూర్చుని టీ తాగుతుంటాడు. దీనికి మనం పెట్టుకున్న పేరు మర్యాద.

మా ఇంట్లో ఆ మర్యాద ఒక ఆదివారం పాపకు నీళ్లు పోసే అవ్వ రాకపోవడంతో చెడింది. అవ్వ చుట్టాల పెళ్లికి పోయింది, అత్తమ్మ నడుము వంగే స్థితిలో లేదు. నేను లుంగీ పైకి కట్టుకుని స్నానాల గదిలో పీట మీద కూర్చుంటే "అయ్యో, మీకెందుకు బాబూ, కూసోండ్రి" అంది. కూర్చునే ఉన్నాను కదా అన్నాను. ఇక తప్పక, గడప దగ్గర నిలబడి చెప్పడం మొదలుపెట్టింది. కాళ్లు చాపుండ్రి. రెండు కాళ్లు దగ్గరికి పెట్టుండ్రి, బిడ్డ నడుమ జారుతది. నీళ్లు మోచేత్తో చూడుండ్రి, అరచేతికి వేడి తెలవదు. పాపను కాళ్ల మీద పడుకోబెట్టుకుని ఛాతీ మీద నూనె రాస్తే జారిపోతుందేమోనని నా మెడ నరాలు బిగుసుకుపోయాయి. ముందు కాళ్లు, తర్వాత పొట్ట, ఆ తర్వాత బోర్లా తిప్పి వీపు. తల మీద పోసేటప్పుడు నుదుటికి అరచెయ్యి అడ్డం పెట్టాలి, ముక్కులోకి పోకుండా. పాత నూలు చీర ముక్కలో చుట్టి బయటికి తెచ్చేసరికి నేను పాపకంటే ఎక్కువ తడిశాను. సాంబ్రాణి పొగ వద్దన్నాడు డాక్టరు, ముక్కులో చెవుల్లో నూనె చుక్కలు అసలే వద్దన్నాడు. నూనె విషయంలో అత్తమ్మ ఒప్పుకుంది, పొగ విషయంలో ఇప్పటికీ చర్చలు నడుస్తున్నాయి. పాప మాత్రం నా భుజం మీదే నిద్రపోయింది. ఆ పూట మామయ్య కోడి కోసం పోలేదు, అందరం బీరకాయే తిన్నాం. నాకు తెలిసి అల్లుడు తండ్రి కావడానికి అసలు అడ్డు ఆ నాటుకోడే.

మగవాళ్లకు పసిపిల్లల పని చేతకాదనేవాళ్లు గోదావరిఖనికో భూపాలపల్లికో పోయి చూడాలి. సింగరేణి బొగ్గు బాయిల్లో మూడు షిఫ్టులు. నైట్ షిఫ్ట్ దిగి పొద్దున ఇల్లు చేరిన తండ్రి, పిల్లలకు నీళ్లు పోసి, జడలేసి, బడికి పంపించి అప్పుడు పడుకోవడం ఆ క్వార్టర్లలో వింత కాదు. మా చిన్నాయిన అట్లాగే ఇద్దరు ఆడపిల్లల్ని పెంచాడు. ఆయన్ని ఎవరూ ఆదర్శ తండ్రి అని పొగడలేదు, షిఫ్టు అట్లా పడింది, చేశాడు. గల్ఫ్ పోయినవాళ్ల సంగతి వేరు. వాళ్లకు సెలవు దొరికి ఊరికొచ్చేసరికి పిల్ల నడుస్తుంటుంది, మాటలు కూడా వచ్చేసి ఉంటాయి. వాళ్లను అనడానికి నాకు నోరు రాదు. 130 కిలోమీటర్ల అవతల ల్యాప్‌టాప్ ముందు కూర్చునేవాడిని మాత్రం అనొచ్చు. నేనూ అందులో ఒకడిని కాబట్టి ధైర్యంగా అంటున్నాను.

మన తంతుల్లో కూడా తండ్రికి పెద్దగా చోటు లేదు. పుట్టు వెంట్రుకలు వేములవాడలో తీసినా కొమురవెల్లిలో తీసినా పిల్ల కూర్చునేది మేనమామ ఒడిలో. చెవులు కుట్టించినా అంతే. తొట్టెల తెచ్చేది తల్లిగారు. తండ్రి వంతుకు వచ్చేది పళ్లెంలో బియ్యం మీద పేరు రాయడం. మా బావమరిది ఇప్పటినుంచే ఒడి సిద్ధం చేసుకుని కూర్చున్నాడు.

అమెరికాలో ఉండి ఈ పత్రిక చదివే మా హనుమకొండ దోస్తులు ఇక్కడిదాకా వచ్చి "మా దగ్గర అట్లా కాదురా" అంటారని తెలుసు. నిజమే. అమెరికాలో కాన్పు గదిలోనే తండ్రి ఉంటాడు, డైపర్ మార్చడం నర్సే నేర్పుతుంది. 1993 నాటి చట్టం కింద 50 మందీ ఆపైన ఉన్న సంస్థల్లో ఏడాది పనిచేసినవాళ్లకు, తల్లయినా తండ్రయినా, 12 వారాల సెలవు దొరుకుతుంది, జీతం లేకుండా. చాలా కంపెనీలు సొంతంగా జీతంతోనూ ఇస్తున్నాయి. కానీ విజిటర్ వీసా మీద అమ్మ దిగాక ఏం జరుగుతోంది? అప్పటిదాకా చక్కగా పాప పని చూసుకున్నవాడు, అమ్మ సూట్‌కేసు విప్పిన మర్నాటి నుంచి మళ్లీ కొడుకైపోతాడు. అమ్మ ఆరు నెలలు, ఆమె తిరిగిపోయే వారంలో అత్తమ్మ ఆరు నెలలు. చలిలో తలుపులేసుకున్న ఇంట్లో ఆ పెద్దావిడ పిల్లనెత్తుకుని కిటికీలో నుంచి మంచు చూస్తుంటుంది, అబ్బాయి పై గదిలో మీటింగులో ఉంటాడు. హనుమకొండలో కుర్చీ, అక్కడ రిక్లైనర్.

అల్లుడు వచ్చి తల్లిగారింట్లో నెలల తరబడి ఉంటే బాగుంటుందా అంటే, ఉండాల్సినట్టు ఉంటే బాగుంటుంది. వాడకట్టులో "ఇల్లరికం వచ్చిండా ఏంది?" అంటారు. మా వాడలోనూ అన్నారు. అంతకంటే కష్టమైన మాట సొంత ఇంటి నుంచే వస్తుంది: "నా కొడుకు అత్తగారింట్ల గుడ్డలు ఉతుకుతుండట" అని పరకాలలో మా అమ్మ పక్కింటావిడతో అంది, ఫోన్ నా వైపు పెట్టి మరీ. నీ మనవరాలి గుడ్డలే కదమ్మా అంటే, దానికి జవాబు చెప్పకుండా ఏం కూర వండారని అడిగింది. ఇటువైపు అత్తమ్మకూ ఇబ్బందే, ఇంట్లో మగమనిషి తిరుగుతుంటే కొంగు సర్దుకోవాలి, కూతురితో నాలుగు మాటలు చాటుగా చెప్పుకోలేదు. అందుకే నేను చెప్పేది, ఉన్నన్ని రోజులూ వేరే వంట వద్దు, పలకరింపు మర్యాదలు వద్దు, మధ్యాహ్నం పూట ఒక గంట బయటికి పోయి తల్లీకూతుళ్లను వాళ్ల మానాన వదిలేయాలి. భద్రకాళి చెరువు గట్టు మీద నడవడానికి ఇంతకంటే మంచి సాకు దొరకదు.

సెలవు సంగతి. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగికి ఇద్దరు పిల్లల వరకు 15 రోజుల పితృత్వ సెలవు ఉంది, బిడ్డ పుట్టాక ఆరు నెలల్లోగా వాడుకోవచ్చు. మన రాష్ట్ర ఉద్యోగులకూ 15 రోజులే. ప్రైవేటులో తల్లికి ప్రసూతి సెలవు చట్టానికి 2017లో చేసిన సవరణతో 26 వారాలు వచ్చాయి, తండ్రికి ఏమీ రాలేదు, కంపెనీ దయ. దొరికిన ఆ కాస్త సెలవునూ మనవాళ్లు ఆస్పత్రి రోజుల్లోనే ఖర్చుపెట్టేస్తారు. అప్పుడు వరండా నిండా చుట్టాలుంటారు, ఫ్లాస్కులే పది ఉంటాయి, తండ్రి చేయగలిగింది మెడికల్ షాపుకు పోయి రావడమే. అసలు కష్టం తొట్టెల అయిపోయి, ఫంక్షన్ గిన్నెలు తోమి, చుట్టాలంతా వెళ్లిపోయాక మొదలవుతుంది. ఆరు, పది, పద్నాలుగు వారాల టీకాలున్నాయి చూడండి, ఐదో నెలదాకా ఉంటే అవన్నీ బిడ్డ తల్లిగారింట్లో ఉండగానే వస్తాయి. ఐదు జబ్బులకు కలిపి వేసే పెంటావాలెంట్ సూది వేసిన రాత్రి తొడ వాస్తుంది, ఒళ్లు కాలుతుంది, ఇల్లంతా జాగారం. మన ఊళ్లలో టీకాలు వేసేది బుధవారం, శనివారం. సెలవు ముక్కలుగా ఇస్తారేమో అడిగి, ఆ మూడు వారాల చుట్టూ పెట్టుకోండి. ఆస్పత్రి రోజులకు మామూలు లీవు చాలు. ప్రైవేటువాళ్లు మేనేజర్ని సెలవడిగి లేదనిపించుకోవడం కంటే, మూడు నెలలు వర్క్ ఫ్రం హోమ్ అడగడం మేలు. ఏ ఇంటి నుంచి అని వాళ్లెలాగూ అడగరు. హనుమకొండలో నెట్ బాగానే వస్తుంది, కరెంటు పోతే మామయ్య దగ్గర ఇన్వర్టర్ ఉంది.