శాకాహారి పళ్ళెంలో పప్పు ఏది?

బెంగళూరులో శాకాహారికి తిండికి లోటేమిటి అంటారు అందరూ. పైకి చూస్తే నిజమే. 1924లో మొదలైన ఎంటీఆర్ హోటల్ ఉంది, గాంధీ బజారులో 1943 నాటి విద్యార్థి భవన్ హోటల్ ఉంది, వి.వి.పురంలో తిండి వీధి ఉంది, ఇక నిలబడి టిఫిన్ తినే చిన్న హోటళ్ళు, దర్శినులైతే ఏ సందు తిరిగినా కనిపిస్తాయి. మాంసం ముట్టని మనిషి ఈ ఊళ్ళో ఒక్క పూట కూడా పస్తుండనక్కర్లేదు. కానీ మారతహళ్ళిలోనో బీటీఎం లేఅవుట్‌లోనో పీజీలో (పేయింగ్ గెస్ట్ హాస్టల్లో) ఉంటూ, పొద్దున దర్శినిలో, మధ్యాహ్నం ఆఫీసు క్యాంటీన్లో తిని బతికే మన పిల్లల పళ్ళెంలోకి ఒకసారి తొంగి చూడండి. కడుపు నిండుతోంది, పప్పు మాత్రం కనబడదు. పప్పు తీసేశాక శాకాహారంలో మిగిలేవి పిండి, నూనె, పాలు. వాటినే రకరకాల పేర్లతో, పైన ‘ప్యూర్ వెజ్’ బోర్డు పెట్టి అమ్ముతున్నారు. ఆ బోర్డు వంటింట్లో మాంసం లేదని హామీ ఇస్తుంది. పళ్ళెంలో ఏముందో చెప్పదు.

రాత్రి ఎనిమిదిన్నరకి ఏదైనా ‘ఆంధ్రా ఫుడ్’ పీజీ భోజనాల గదిలోకి వెళ్ళండి. స్టీలు గిన్నెలో పైన పసుపురంగు నీళ్ళు, వాటిలో కరివేపాకు, టమాటా తొక్కలు తేలుతుంటాయి. ఉన్న కాస్త పప్పూ అడుక్కి చేరి ఉంటుంది. అలవాటైనవాళ్ళు గరిటె అడుగుదాకా ముంచి నిదానంగా పైకి తీస్తారు. కొత్తవాళ్ళు ‘అన్నా, కొంచెం కింద నుంచి కలిపి పొయ్యన్నా’ అని వంటాయన్ని బతిమాలుకుంటారు. షిఫ్టు ముగించుకుని పదింటికి వచ్చినవాళ్ళకి ఇంకో రెండు చెంబుల నీళ్ళు పోసి మరిగించినది మిగులుతుంది. బుధవారం, ఆదివారం చాలాచోట్ల చికెన్ రోజులు. ఆ రోజుల్లో శాకాహారికి ఎర్రటి గ్రేవీలో మూడు పనీర్ ముక్కలు, లేదా గోబీ మంచూరియా. చికెన్‌కి బదులు కాలీఫ్లవర్‌ని మైదాలో ముంచి వేయించి పెట్టి, ఇద్దరికీ సమానంగా పెట్టామంటారు. నెలకి కట్టే డబ్బు మాత్రం ఇద్దరిదీ ఒకటే. పోనీ గదిలో ఇండక్షన్ స్టవ్ మీద నాలుగు విజిల్స్ రానిచ్చి పిడికెడు కందిపప్పు ఉడకేసుకుందామంటే చాలా పీజీల్లో ఒప్పుకోరు.

ఇది రుచి గురించిన ఫిర్యాదు అనుకుంటే పొరపాటు. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఇచ్చిన సిఫార్సు ప్రకారం పెద్దవాళ్ళకి రోజుకి కిలో శరీర బరువుకి 0.83 గ్రాముల ప్రోటీన్ కావాలి. 60 కిలోల మనిషికి అది దాదాపు 50 గ్రాములు. రెండిడ్లీల్లో నాలుగైదు గ్రాములు వస్తాయి. 100 గ్రాముల కందిపప్పులో 22 గ్రాముల దాకా ఉంటుంది, కానీ అది ఎండు పప్పు లెక్క. గరిటెడు నీళ్ళ చారులో పప్పు ఒక చెంచాడు పడితే గొప్ప. పైగా ప్రోటీన్‌లో భాగమైన అమైనో ఆమ్లాల్లో లైసిన్ అనేది అన్నంలో తక్కువ, పప్పులో దండిగా ఉంటుంది. పప్పులో తక్కువగా ఉండే మెథియోనిన్ అనే ఇంకో అమైనో ఆమ్లాన్ని అన్నం భర్తీ చేస్తుంది. మాంసం తినని మనిషి ఒళ్ళు ఆ రెండింటి జోడీ మీదే నిలబడుతుంది. అందులో ఒకదాన్ని నీళ్ళలో కలిపేసి, రెండోదాన్ని ‘అన్‌లిమిటెడ్’ అని వడ్డిస్తున్నారు. సాయంత్రానికి నీరసం, మళ్ళీ ఆకలి, ఆఫీసు కింద బేకరీలో ఎగ్‌లెస్ పఫ్, ఇంకో కాఫీ. ఈ చక్రంలో తిరగని శాకాహారి ఉద్యోగి నాకు ఈ ఊళ్ళో అరుదుగా కనిపిస్తాడు.

పాలు కూడా మానేసినవాళ్ళ అవస్థ ఇంకోరకం. దర్శినిలో టోకెన్ తీసుకునేటప్పుడు చెబితే సరిపోదు. పెనం దగ్గరికి వెళ్ళి, పిండి పోసి తిప్పుతుండగానే ‘తుప్ప బేడ’ (నెయ్యి వద్దు) అని గట్టిగా అనాలి. తల పక్కకి తిప్పారంటే దోసె మీద నెయ్యి పడిపోయినట్టే. బెన్నె (వెన్న) దోసె సంగతి పేరులోనే ఉంది. పొడి ఇడ్లీ నేతిలో తడుస్తుంది, పొంగల్‌లో నెయ్యి, కేసరి బాత్‌లో నెయ్యి, చివర్లో ఫిల్టర్ కాఫీలో చిక్కటి పాలు. ప్యాకెట్ మీది పచ్చ చుక్క చూసి కొందామన్నా కుదరదు, మన చట్టంలో పాలు, తేనె ఉన్నవాటికీ అదే చుక్క. వీగన్ ఆహారానికి వేరే గుర్తు 2022 నిబంధనలతో వచ్చింది కానీ అది కనబడేది ఇందిరానగర్ లాంటి చోట్ల పెద్ద షాపుల్లో, బాదం పాల డబ్బాల మీద, సోయాతో చేసిన నకిలీ మాంసం ప్యాకెట్ల మీద. గోంగూర పప్పుకి నూనెతో పోపు పెడితే అందులో పాలచుక్క ఉండదు. పెసరట్టులో ఉండదు, కందిపొడిలో ఉండదు, గుగ్గిళ్ళలో ఉండదు. మన ఇళ్ళలో ఎవరూ ఏ లేబులూ తగిలించకుండా వండుతున్న తిండి ఇది. దాన్ని వదిలేసి, వీగన్ అంటే డబ్బున్నవాళ్ళ సరదా అని నవ్వడం నాకు నచ్చదు. ఒక్కటి మాత్రం పప్పుతో తీరదు. విటమిన్ బి12 మొక్కల నుంచి రాదు కాబట్టి పాలు పూర్తిగా మానేసినవాళ్ళు దానికి మాత్ర వేసుకోవాల్సిందే.

అసలు బాధ ఏమిటంటే ఈ ఊరి సొంత తిండి పప్పుల తిండి. ఆకుకూరలు, పప్పు కలిపి మెత్తగా మెదిపిన మసొప్పు మన ఆకుకూర పప్పుకి చెల్లెలే. ఉడికించిన పప్పు, కూరల నీళ్ళతో కాచే బస్సారుకి రాగి ముద్ద తోడు. శ్రీరామనవమికి మనం వడపప్పు పంచితే ఇక్కడ నానిన పెసరపప్పులో కీరదోస తురిమి కోసంబరి చేస్తారు. జనవరిలో అవరెబేళె (అనపపప్పు) మేళా పెడితే జనం తోసుకుంటారు. చిత్తూరు, మదనపల్లె వైపు వాళ్ళకి దాని గురించి చెప్పక్కర్లేదు. అనపగింజల్ని నానబెట్టి, ఒక్కోదాన్నీ వేళ్ళతో నొక్కి తొక్క తీసిన పితుకుపప్పు కూర వాసనకే ఇల్లంతా లేచి వంటింట్లోకి వస్తుంది. కార్తీకం చివరి సోమవారానికి బసవనగుడిలో వేరుశనక్కాయల పరిషె (జాతర) జరుగుతుంది, మన ఆంధ్రా రైతులూ అక్కడికి కాయలు తెస్తారు. ఇంత ఉన్న ఊళ్ళో ‘ప్యూర్ వెజ్’ మెనూ తెరిస్తే పనీర్ బటర్ మసాలా, బేబీ కార్న్, గోబీ. ఆ గోబీలో కలిపే కృత్రిమ రంగుల్ని 2024 మార్చిలో కర్ణాటక ప్రభుత్వమే నిషేధించాల్సి వచ్చింది. మసొప్పు మెనూలోకి ఎందుకు రాదు? పప్పు నానాలి, ఉడకాలి, మెదపాలి. దానికి మనిషి, టైము, గ్యాసు కావాలి. ఫ్రిజ్‌లోంచి పనీర్ తీసి గ్రేవీలో పడేయడం రెండు నిమిషాల పని, ధర కూడా రెట్టింపు వేసుకోవచ్చు.

ఇంత గొడవెందుకు, గుడ్డు తినొచ్చుగా అంటారు కొందరు. తినాలనిపించినవాళ్ళు తినాలి. కర్ణాటక బడి పిల్లలకి గుడ్డు ఇవ్వడాన్ని మఠాలు అడ్డుకోబోయినప్పుడు నేను గుడ్డు పక్షమే. అయితే ఒకరు తినకూడదనుకుంటే వాళ్ళకి మూడు పనీర్ ముక్కలతో సరిపెట్టడం న్యాయం కాదు. ప్రోటీన్ పౌడర్ ఉంది కదా అనేవాళ్ళు దాని డబ్బా ధర చూసి మాట్లాడాలి. పీజీ యజమానులేమో పప్పు ధర చూడండి అంటారు. 2023, 2024లో కందిపప్పు కిలో 150 రూపాయలు దాటిన మాట నిజం. ఈ ఒక్క మాటకి నా దగ్గర గట్టి జవాబు ఉంది, అది పీజీల దగ్గర ఆగదు.

పప్పు ఎందుకంత ప్రియం? ప్రపంచంలో పప్పుధాన్యాలు అందరికంటే ఎక్కువ పండించేది మనమే, ఎక్కువ తినేదీ మనమే, ఎక్కువ దిగుమతి చేసుకునేదీ మనమే. కందులు మొజాంబిక్ నుంచి, టాంజానియా నుంచి, మయన్మార్ నుంచి వస్తున్నాయి. బెంగళూరు రాజధానిగా ఉన్న రాష్ట్రంలోనే కలబురగి ఉంది. అక్కడి కందిపప్పుకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. పక్కనే మన తాండూరు కందిపప్పుకి 2022లో వచ్చింది. ఎక్కువగా వానమీదే ఆధారపడి పండే పంట, నేలకి నత్రజనిని తనే ఇచ్చే పంట. అయినా దశాబ్దాలుగా ప్రభుత్వ కొనుగోళ్ళలో సింహభాగం వరికీ గోధుమకే. పండిస్తే ప్రభుత్వం కొంటుందన్న నమ్మకం రైతుకి కందిమీద ఎలా కలుగుతుంది? 2013 ఆహార భద్రత చట్టం మనిషికి నెలకి 5 కిలోల తిండిగింజలు హక్కుగా ఇచ్చింది. అందులో బియ్యం, గోధుమలు, చిరుధాన్యాలు ఉన్నాయి, పప్పు లేదు. పేదవాడికి అన్నం పెడితే చాలు, పప్పు వాడే చూసుకుంటాడన్న ఆలోచన ఇది. పీజీ వంటాయన పెద్ద గిన్నెలో చేస్తున్నదీ అదే, కొలత ఒక్కటే తేడా.

వేరే దారి లేదా అంటే పక్కనే ఉంది. తమిళనాడు 2007 నుంచి రేషన్ షాపుల్లో కిలో 30 రూపాయలకి కందిపప్పు ఇస్తోంది. చెన్నైలో కూలిపని చేసుకునే ఇంట్లో సాంబారు చిక్కగా ఉండడానికి ఆ కిలో పప్పే ఆసరా. కర్ణాటక కూడా తన ఉచిత బియ్యం పథకం అన్నభాగ్యలో అదనపు 5 కిలోల బియ్యం బదులు కందిపప్పు, నూనె ఉన్న కిట్ ఇవ్వాలని 2025 అక్టోబరులో నిర్ణయించింది. మంచి నిర్ణయం. ప్రతి నెలా తప్పకుండా అందాలి, పప్పు పరిమాణం తగ్గకూడదు, ఆ పప్పు కలబురగి రైతు నుంచి మద్దతు ధరకి కొన్నదే కావాలి. 2025-26కి కందులకి క్వింటాలు 8,000 రూపాయలు మద్దతు ధర ప్రకటించారు. ప్రకటించిన ధరకి కొనేవాడుంటేనే రైతు మళ్ళీ విత్తుతాడు. 2017లో మొదలైన ప్రభుత్వ చౌక భోజనశాలలు ఇందిరా క్యాంటీన్లలో మధ్యాహ్నం అన్నంతో పాటు పల్చటి సాంబారు మానేసి గట్టి మసొప్పు పెట్టాలి. రోజూ అంతమంది తినే చోట ప్రభుత్వమే చిక్కటి పప్పు వడ్డిస్తే, దాని పక్క వీధిలో నెలకి వేలు తీసుకునే పీజీ యజమాని నీళ్ళ చారు పోసి ధరల మీద నెపం పెట్టలేడు.