వేలిముద్ర యంత్రం గారికి ఒక సంతకందారు విన్నపం

మహారాజశ్రీ చౌకధరల దుకాణం వేలిముద్ర యంత్రం గారికి,

ఒక రిటైర్డు బడిపంతులు నమస్కరించి రాయునది. ‘ఉభయ కుశలోపరి’ అని మొదలుపెట్టబోయి కలం ఆపాను. నేను కుశలంగా ఉన్నానని తమరు నిర్ధారిస్తేనే గదా చెల్లేది! 2014లో ‘జీవన్ ప్రమాణ్’ అనే ఏర్పాటు వచ్చింది మొదలు, మా పింఛనుదారులం ఏడాదికొకసారి తమబోటి వారి ముందు వేలు పెట్టి బతికే ఉన్నామని ఒప్పిస్తున్నాం. ఎదురుగా నిలబడి దగ్గినా అది సాక్ష్యం కిందికి రాదు.

అసలు సంగతికి వస్తాను. మొన్న మా అమ్మను తీసుకుని తమరి దర్శనానికి వచ్చాను. ఆమెకు ఎనభై ఏళ్ళు. కుడి బొటనవేలు పెట్టింది. ‘సరిపోలలేదు’ అన్నారు తమరు. చూపుడువేలు పెట్టింది. సరిపోలలేదు. డీలరు గుడ్డముక్క ఇచ్చి తుడుచుకోమన్నాడు. తడి ఆరిపోయిందేమో, తలకు రుద్దుకుని నూనె అంటించమన్నాడు. గట్టిగా నొక్కమ్మా అన్నాడు, అంత గట్టిగా కాదమ్మా అన్నాడు. పది వేళ్ళూ అయ్యేసరికి వరుసలో వెనకనున్న ఎవరో కాలివేళ్ళు కూడా చూడమని సలహా ఇచ్చారు. చివరికి తమరు తేల్చిందేమిటంటే, ఈమె ఈమె కాదు. అరవై రెండేళ్ళుగా నా కన్నతల్లి అని నేను అనుకుంటున్న మనిషి గురించి నడిబజారులో ఇలా తెలియడం నాకు కొంచెం ఇబ్బందిగానే ఉంది.

తమరి పని ఎలా సాగుతుందో కొంత తెలుసుకున్నాను. వేలి గీతల్లో మిట్టలు అద్దానికి ఆనుతాయి, పల్లాలు ఆనవు. ఆ తేడా వల్ల పడే వెలుగునీడల్లో గీత ఎక్కడ ఆగింది, ఎక్కడ రెండుగా చీలింది అని తమరు గుర్తులు పెట్టుకుంటారు. బాగుంది. ఆ గీతలు తల్లి కడుపులోనే, ఏడో నెల రాకముందే ఏర్పడతాయట, చచ్చేదాకా మారవట. ఇదీ బాగుంది. కానీ మారకపోవడం వేరు, అరగకపోవడం వేరు. మా అమ్మ నలభై ఏళ్ళు బీడీలు చుట్టింది. తడిపిన తునికాకును కత్తిరించడం, తంబాకు పోసి వేళ్ళ మధ్య దొర్లించడం, మూతి మడవడం, దారం చుట్టడం. కూలి లెక్క వెయ్యి బీడీలకు ఇంత అని. బ్రహ్మ రాసిన నుదుటి రాత సంగతి నాకు తెలియదు గానీ, వేలిరాతను మాత్రం తునికాకు చెరిపేసింది.

నా బొటనవేలంటే తమరికి మహా ఇష్టం. ఒక్కసారికే ఒప్పేసుకుంటారు. సుద్దముక్క కన్నా బరువైనది ఎన్నడూ ఎత్తని వేలు మరి! సిమెంటు కలిపే మేస్త్రీ, గుంటూరులో మిరపకాయల తొడిమలు తీసే కూలీ, ఐసుగడ్డల్లో చేతులు పెట్టి రొయ్యలు ఒలిచే మనిషి తమరి ముందుకొచ్చి దోషుల్లా నిలబడతారు. బియ్యం ఎవరికి అవసరమో వారి చేతిని చూసి కళ్ళు మూసుకుంటారు తమరు.

రబ్బరును చూస్తే మాత్రం తెరుస్తారు. 2018లో పెద్దపల్లి జిల్లాలో సిమ్ కార్డులు అమ్మే ఒకాయన, భూమి రిజిస్ట్రేషన్ కాగితాల మీది వేలిముద్రలను రబ్బరు మీదికి ఎక్కించి వేలకొద్దీ సిమ్ కార్డులు చెలామణీలోకి తెచ్చి దొరికిపోయాడు. తమరి వంశంవారు ఆ రబ్బరు వేళ్ళను అనుమానించలేదు. రబ్బరు బీడీలు చుట్టదు కాబట్టి గీతలు చక్కగా ఉండి ఉంటాయి.

వంశం అంటే గుర్తొచ్చింది. తమరి పుట్టుక మన దేశంలోనే. 1858లో బెంగాల్లోని జంగీపూర్‌లో హెర్షెల్ అనే దొర ఒక గుత్తేదారు చేత ఒప్పందం కాగితం మీద అరచేతి ముద్ర వేయించాడు, రేపు సంతకం నాది కాదనకుండా భయపెట్టడానికి. 1877లో హుగ్లీలో పింఛనుదారుల వేలిముద్రలు మొదలుపెట్టాడు, చనిపోయినవారి పేరున ఇంకొకరు తీసుకోకుండా. 1897లో కలకత్తాలో వేలిముద్రల కార్యాలయం వెలిసింది. గీతలను వర్గీకరించే లెక్కలు కట్టింది అజీజుల్ హక్, హేమచంద్ర బోస్. పద్ధతికి పేరు మాత్రం పై అధికారి హెన్రీదే. పనిచేసిన చేతిని గుర్తించకపోవడం తమరికి కొత్తేమీ కాదన్నమాట.

నా బాధ ఇంకొకటుంది. మా రోజుల్లో ‘వేలిముద్రగాడు’ అంటే తిట్టు. రిజిస్ట్రేషన్ ఆఫీసులో బొటనవేలికి సిరా పూసుకోవాల్సి వస్తే మగవాళ్ళు తల దించుకునేవారు. 1990ల మొదట్లో ఊరూరా అక్షరాస్యతా ఉద్యమం నడిచినప్పుడు రాత్రిబడిలో లాంతరు పెట్టి నేను నేర్పినవారిలో మా అమ్మ ఒకతె. నెల్లూరు జిల్లా దూబగుంటలో అలా అక్షరాలు నేర్చిన ఆడవాళ్ళే 1992లో సారాకు ఎదురు తిరిగారు. అమ్మ అంత దూరం పోలేదు గానీ, కార్ఖానా పుస్తకంలో సంతకం పెట్టి ఇంటికొచ్చిన రోజున పాయసం వండింది. ఇప్పుడు నేనూ, కలెక్టరూ, అమ్మా అందరం వేలిముద్రగాళ్ళమే. సమానత్వం ఇలా వస్తుందని అనుకోలేదు.

తమరు వచ్చాక మంచి జరగలేదని అనను. పూర్వం మా ఊళ్ళో చచ్చినవాళ్ళు నెలనెలా క్రమం తప్పకుండా బియ్యం తీసుకునేవారు. తమరు వాళ్ళను ఆపారు. ఆ ఊపులో బతికున్న కొందరినీ ఆపారు. వేలిముద్ర పడలేదని అర్హులను వెనక్కి పంపరాదని 2018 సెప్టెంబరు నాటి ఆధార్ తీర్పులో సుప్రీంకోర్టు చెప్పింది. తమరు చదివి ఉండరు. చదువురాని వారిని తప్పు పట్టడం నా వృత్తిధర్మం కాదు.

ఆ రోజు అమ్మకు బియ్యం ఎలా దొరికాయంటే, ఫోనుకు వచ్చే అంకెలు చెబితే చాలన్నాడు డీలరు. ఆ ఫోను దుబాయిలో ఉంది, మా తమ్ముడి జేబులో. వాడు పని చోట ఇనుప కడ్డీలు దించుతూ మూడోసారికి ఎత్తాడు. అరబ్బు దేశపు ఎండలో నిలబడి వాడు ఆరంకెలు అరిచి చెబితే, ఇక్కడ తమరు అమ్మను అమ్మ అని ఒప్పుకున్నారు.

ఇకమీదట వేలితో పని లేదు, ముఖం చూసి గుర్తుపట్టే పద్ధతి వస్తోందని డీలరు ధైర్యం చెప్పాడు. అమ్మకు ఒక సందేహం వచ్చింది, తమరే తీర్చాలి. ఆధార్ ఫొటో దిగినప్పుడు ఆమెకు పళ్ళున్నాయి. వచ్చే నెల కట్టుడుపళ్ళు పెట్టుకుని రావాలా, తీసి సంచిలో వేసుకుని రావాలా?

ఇట్లు,
(ఇక్కడ సంతకం పెట్టాను. తమరికి కనబడదు.)