ముందు లైన్ కట్టండి

ఏప్రిల్ దగ్గరపడితే డాలస్ చుట్టుపక్కల మన తెలుగు ఇళ్లలో కూడా డ్రాఫ్ట్ మాటలు మొదలవుతాయి. అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లోని జట్లు కాలేజీ నుంచి వచ్చే కొత్త ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకోవడమే డ్రాఫ్ట్. డాలస్ జట్టు కౌబాయ్స్ ప్రధాన కార్యాలయం ఉన్నది ఫ్రిస్కోలోనే. ఇక్కడ పెరిగిన పిల్లలకు ఆ జట్టు గెలిస్తే పండగ, ఓడితే ఆ రాత్రి అన్నం సహించదు. వాళ్లతో పాటు చూసీ చూసీ పెద్దవాళ్లూ వాదనలకు దిగుతున్నారు. అయితే ఈసారి ఎవరిని తీసుకోవాలని అడిగితే ఎక్కువగా వినపడేవి టచ్‌డౌన్లు చేసి పాయింట్లు తెచ్చేవాళ్ల పేర్లే. నా అభిప్రాయం వేరు. మొదటి రౌండ్‌లో ఆటగాడి పేరుకంటే ముందు అతని పొజిషన్ చూడాలి. ముందు వరసలో నిలబడి ఎదుటివాళ్లను అడ్డుకునే మంచి అఫెన్సివ్ లైన్‌మన్ దొరుకుతుంటే, బంతి పట్టుకుని పరుగెత్తే రన్నింగ్ బ్యాక్ వైపు కన్నెత్తి కూడా చూడకూడదు.

ఐపీఎల్ వేలం అలవాటైన వాళ్లకు డ్రాఫ్ట్ లెక్క వెంటనే అర్థం కాదు. 2023 డిసెంబర్ వేలంలో సన్‌రైజర్స్ హైదరాబాద్ ప్యాట్ కమిన్స్ కోసం 20.50 కోట్ల దాకా పాడింది. ఎన్‌ఎఫ్‌ఎల్ డ్రాఫ్ట్‌లో పాట ఉండదు. 32 జట్లు, ఏడు రౌండ్లు, కిందటి సీజన్లో బాగా ఓడినవాళ్లది ముందు వంతు. జీతంలోనూ పెద్దగా బేరాలుండవు. ఒకప్పుడు ఉండేవి. 2010లో మొదటి పిక్‌గా, అంటే అందరికంటే ముందు ఎంపికైన శామ్ బ్రాడ్‌ఫర్డ్‌కు ఆరేళ్లకు 78 మిలియన్ డాలర్లు రాసిచ్చారు. 2011లో లీగ్‌కూ ఆటగాళ్ల సంఘానికీ మధ్య కొత్త ఒప్పందం వచ్చాక అదే మొదటి పిక్ క్యామ్ న్యూటన్‌కు నాలుగేళ్లకు దక్కింది 22 మిలియన్లు. అప్పటినుంచి ఎన్నో నంబర్ పిక్ అన్నదే జీతాన్ని తేలుస్తోంది. నాలుగో పిక్‌తో ఎదుటివాళ్ల పాస్‌లను అడ్డుకునే కార్నర్‌బ్యాక్‌ను తెచ్చుకున్నా, రన్నింగ్ బ్యాక్‌ను తెచ్చుకున్నా జట్టుకు ఖర్చు ఒకటే.

బయట మార్కెట్లో మాత్రం ఈ పొజిషన్ల ధరలకు పొంతనే లేదు. 2024లో బంతి విసిరి ఆట నడిపించే క్వార్టర్‌బ్యాక్ డాక్ ప్రెస్కాట్‌కు కౌబాయ్స్ ఏడాదికి 60 మిలియన్లు ఒప్పుకున్నారు. 2025లో ఎడ్జ్ రషర్, అంటే అంచు నుంచి దూసుకొచ్చి క్వార్టర్‌బ్యాక్‌ను పడగొట్టే మైకా పార్సన్స్‌కు గ్రీన్‌బే జట్టు ఇచ్చింది ఏడాదికి 47. లైన్ ఎడమ చివర నిలబడే పేరున్న లెఫ్ట్ ట్యాకిల్ ధర అదే ఏడాది 28.5కు చేరింది. రన్నింగ్ బ్యాక్‌లలో 20 మిలియన్ల గీత దాటిన మొదటివాడు సేక్వాన్ బార్క్‌లీ, అదీ 2025లోనే. శాలరీ క్యాప్, అంటే జట్టు జీతాల మీద ఉండే పరిమితి, అందరికీ ఒకటే కాబట్టి, బయట కొనాలంటే చుక్కలు కనిపించే పొజిషన్‌ను డ్రాఫ్ట్‌లో చౌకగా తెచ్చుకున్న జట్టుకే మిగతా చోట్ల ఖర్చు పెట్టడానికి డబ్బు మిగులుతుంది.

2016 డ్రాఫ్ట్ గురించి కాస్త వివరంగా చెప్పాలి. నాలుగో పిక్ కౌబాయ్స్‌ది. రన్నింగ్ బ్యాక్ ఎజెకియెల్ ఎలియట్‌ను తీసుకున్నారు. ఆ వెంటనే ఐదో పిక్‌తో జాక్సన్‌విల్ జట్టు జేలెన్ రామ్‌సీ అనే కార్నర్‌బ్యాక్‌ను తీసుకుంది. ఎలియట్ మొదటి ఏడాదే 1,631 యార్డులు పరుగెత్తి లీగ్‌లో అందరికంటే ముందు నిలిచాడు, జట్టు 13-3తో సీజన్ ముగించింది. ఆ ఆనందంలో ప్రశ్నలు అడిగే ఓపిక ఎవరికీ లేదు. 2019లో అతనికి ఆరేళ్లకు 90 మిలియన్ల కొత్త ఒప్పందం ఇచ్చారు, 2023 మార్చిలో వదిలేశారు. బదులుగా కౌబాయ్స్‌కు దక్కింది ఏమీ లేదు. రామ్‌సీని జాక్సన్‌విల్ 2019లో రామ్స్ జట్టుకు ఇచ్చినప్పుడు మాత్రం రెండు మొదటి రౌండ్ పిక్‌లు వచ్చాయి. ఆ రామ్స్ రెండేళ్ల తర్వాత లీగ్ ఫైనల్ అయిన సూపర్ బౌల్ గెలిచారు. పక్కపక్క పిక్‌లు, ఇద్దరూ ప్రతిభావంతులే. పొజిషన్ విలువ తేడా ఎంతటిదో అక్కడ కనిపిస్తుంది.

ఎలియట్ ఆట నాకు ఇష్టం, అతన్ని చిన్నబుచ్చడం నా ఉద్దేశం కాదు. కానీ అతను పరుగెత్తడానికి దారి చేసిచ్చింది ఎవరు? 2011లో తొమ్మిదో పిక్‌తో ఇరవై ఏళ్ల టైరన్ స్మిత్‌ను తెచ్చారు. 2013లో వెనక్కి జరిగి 31వ పిక్‌తో ట్రావిస్ ఫ్రెడరిక్‌ను తీసుకుంటే తొందరపడ్డారని విమర్శించారు. 2014లో 16వ పిక్‌తో జాక్ మార్టిన్ వచ్చాడు. నాలుగేళ్లలో మూడు మొదటి రౌండ్ పిక్‌లు లైన్ మీద పెట్టారు. ఆ లైన్ వెనకాల 2014లో రన్నింగ్ బ్యాక్ డిమార్కో ముర్రే 1,845 యార్డులు పరుగెత్తాడు. అతను మూడో రౌండ్ ఆటగాడు. మరుసటి ఏడాది ఫిలడెల్ఫియాకు వెళ్తే 702కు పడిపోయాడు. అదే ఏడాది డాలస్‌లో, అప్పటికి తన మంచి రోజులు అయిపోయాయని అంతా అనుకున్న డారెన్ మెక్‌ఫాడెన్ 1,089 చేశాడు. ముర్రే పోయినా మెక్‌ఫాడెన్ వచ్చినా లైన్ నిలబెట్టింది. అలాంటి లైన్ చేతిలో ఉన్నప్పుడు రన్నింగ్ బ్యాక్ కోసం నాలుగో పిక్ ఖర్చు చేయాల్సిన పనేముంది? 2016 డ్రాఫ్ట్‌లోనే 135వ పిక్‌గా వచ్చిన ప్రెస్కాట్ కూడా ఆ లైన్ వెనకాలే నిలదొక్కుకున్నాడు. కొత్త క్వార్టర్‌బ్యాక్‌కు ఆలోచించడానికి అర సెకను ఎక్కువ దొరకడం అంటే మాటలా!

బార్క్‌లీ సంగతి ఎత్తి నన్ను ఆపేవాళ్లుంటారు. నాకు మాత్రం అది నా వాదనకే బలం. న్యూయార్క్ జెయింట్స్ 2018లో రెండో పిక్‌తో అతన్ని తెచ్చుకున్నారు. ఆరేళ్లలో ప్లేఆఫ్స్‌లో గెలిచింది ఒక్క ఆట. 2024లో ఒప్పందం ముగిసి ఫ్రీ ఏజెంట్ అయిన అతన్ని ఫిలడెల్ఫియా ఈగిల్స్ తీసుకుంటే 2,005 యార్డులు చేశాడు, జట్టు సూపర్ బౌల్ గెలిచింది. మనిషి మారలేదు. ముందు నిలబడ్డవాళ్లు మారారు. లైన్‌మన్ లేన్ జాన్సన్‌ను ఈగిల్స్ 2013లో నాలుగో పిక్‌తోనే తెచ్చుకున్నారు. ఆస్ట్రేలియాలో రగ్బీ ఆడిన జోర్డన్ మైలాటాను ఏడో రౌండ్‌లో తెచ్చి ఏళ్ల తరబడి తీర్చిదిద్దారు. ఇల్లంతా కట్టుకున్నాక ఆఖరున కొనే ఝూమర్ దీపం లాంటివాడు రన్నింగ్ బ్యాక్. ఈగిల్స్ ఆ వరస పాటించారు.

"పొజిషన్ ఏదైనా మిగిలినవాళ్లలో మేటి ఆటగాణ్ణి తీసుకోవాలి" అనే మాట టీవీలో తరచూ వినిపిస్తుంది. వినడానికి బాగుంటుంది, కానీ లైన్‌లో ట్యాకిల్ పక్కన లోపలివైపు ఆడే గార్డ్‌నూ కార్నర్‌బ్యాక్‌నూ పక్కపక్కన పెట్టి ఎవరు మేటో ఎలా తేలుస్తారు? ఆ పొజిషన్ ఆటను ఎంత మారుస్తుంది, అలాంటివాళ్లు ఎంత అరుదు అన్నది లెక్కలోకి రాకుండా తేలదు. ఖాళీ ఉంది కాబట్టి పూడ్చాలన్న తొందర ఇంకా ప్రమాదం. 2023లో 26వ పిక్‌తో మేజీ స్మిత్‌ను తీసుకున్నారు. 1991 తర్వాత కౌబాయ్స్ మొదటి రౌండ్‌లో డిఫెన్సివ్ ట్యాకిల్‌ను, అంటే ఎదుటివాళ్ల పరుగును మధ్యలో ఆపేవాణ్ణి, తీసుకోవడం అదే మొదటిసారి. ఎదుటి జట్ల పరుగును ఆపలేకపోతున్న బాధ అందరికీ తెలిసిందే. 2025 నవంబర్‌లో అతన్ని న్యూయార్క్ జెట్స్‌కు పంపేశారు.

గార్డ్ గురించి మాత్రం నాకూ ఒక చిక్కు ఉంది. 2025లో కౌబాయ్స్ 12వ పిక్‌తో టైలర్ బుకర్‌ను తీసుకున్నప్పుడు, అంత పైన గార్డ్ ఎందుకని చాలామంది పెదవి విరిచారు. ట్యాకిల్ దొరకడం కష్టం, గార్డ్ కింది రౌండ్లలోనూ దొరుకుతాడు, ఆ మాట నిజమే. కానీ జాక్ మార్టిన్ గార్డే. ఏడాదిలో మేటి ఆటగాళ్లను ఎంచే ఆల్-ప్రో మొదటి జట్టులో ఏడుసార్లు ఉన్నాడు. పైగా మార్కెట్ కూడా మారింది. కాన్సస్ సిటీ 2025లో ట్రే స్మిత్ అనే గార్డ్‌కు ఏడాదికి 23.5 మిలియన్లు ఇచ్చింది, అంటే బార్క్‌లీకంటే ఎక్కువ. అందుకే బుకర్ ఎంపికను నేను సమర్థిస్తాను. టాప్ టెన్‌లో అయితే మాత్రం ట్యాకిల్, ఎడ్జ్ రషర్, కార్నర్‌బ్యాక్ తర్వాతే గార్డ్.

ఇక రన్నింగ్ బ్యాక్ కావాలంటే మూడో రౌండ్, నాలుగో రౌండ్ ఉన్నాయి. ముర్రే దొరికింది అక్కడే.