మామగారి బ్లేడు, అల్లుడుగారి స్ట్రిప్పర్

(హాల్లో నేల మీద రెండు స్పీకర్ పెట్టెలు, ఒక చిన్న యాంప్లిఫయర్ బోర్డు, ఖాళీ అయిన కిట్ డబ్బా. అల్లుడుగారి చేతిలో సోల్డరింగ్ ఐరన్. మామగారు రేడియోలు బాగుచేసి రిటైరైన మనిషి. కుర్చీలో కూర్చుని పేపరు చదువుతున్నట్టు నటిస్తున్నారు. ఇద్దరూ ఒకరినొకరు ‘మీరు’ అంటూనే దెప్పుకుంటారు. మర్యాదగా దెప్పితే ఇంకాస్త గట్టిగా తగులుతుంది.)

మామ: అల్లుడుగారూ, ఆ కుడి పెట్టెలోంచి వచ్చేది పాటా, దోమా?

అల్లుడు: పాటే మామగారూ. ఎడమ పెట్టె బ్రహ్మాండంగా మోగుతోంది కదా, దాని గురించి ఒక్క మాటా అనరేం?

మామ: అది నేను బిగించింది కదా. నా డబ్బా నేనే కొట్టుకోవడం బాగుండదని ఊరుకున్నా.

అల్లుడు: తప్పు నా పెట్టెది కాదు, బోర్డుది. కుడి ఛానల్ పోయినట్టుంది.

మామ: పాపం, నోరు లేని బోర్డు! పవర్ ఆపి, స్పీకర్ వైర్లు అటువి ఇటు, ఇటువి అటు మార్చి చూడండి. దోమ కూడా పెట్టె మారితే తప్పు బోర్డుది.

అల్లుడు: మారకపోతే?

మామ: మారకపోతే ఎవరిదో నా నోటితో చెప్పించకండి.

(అల్లుడు మార్చాడు. దోమ కుడి పెట్టెలోనే ఉంది.)

అల్లుడు: అయితే వైరే. కొత్తది ఒలిచి వేస్తాను. ఇదిగో స్ట్రిప్పర్. ఇది లావు వైరు కాబట్టి పెద్ద నంబరు కన్నంలో పెట్టి... లాగితే... అయ్యో!

మామ: ఏమైంది?

అల్లుడు: ఏం లేదు.

మామ: ఏం లేకపోతే నేల మీద మెరిసేవేమిటి? రాగి పోగులు కాదూ? వైరు 18 గేజ్, మీరు పెట్టింది 22 కన్నంలో. గేజ్‌లో నంబరు పెరిగేకొద్దీ తీగ సన్నబడుతుందండీ. చదువుకున్నవారు, మీకు నేను చెప్పాలా?

అల్లుడు: పోనీలెండి, ఇంకా సగం పోగులున్నాయిగా.

మామ: ఉన్నవాటికీ గాట్లు పడ్డాయి. వాటిలో ఒక పోగు విడిపోయి పక్క టెర్మినల్‌కి తగిలిందంటే పాటతో పాటు బోర్డూ పోతుంది. అంతవరకూ కత్తిరించేసి మళ్లీ ఒలవండి. నేను బ్లేడుతో చూపిస్తా. వైరు మీద బ్లేడు ఆనించి, వేలితో మెల్లగా దొర్లించాలి. గీత తొడుగు మీదే పడాలి, రాగికి తగలకూడదు. గీత దగ్గర వంచి లాగితే తొడుగు ఊడొస్తుంది.

అల్లుడు: మీ పద్ధతిలో గీత వేలి మీద కూడా పడుతుంది.

మామ: మా రోజుల్లో బ్లేడు కూడా వాడేవాళ్లం కాదు. పళ్లతోనే ఒలిచేవాళ్లం.

అల్లుడు: ఆ పళ్లు ఇప్పుడు రాత్రిళ్లు గ్లాసులో ఉంటున్నాయి మామగారూ.

(మామగారు పేపరు మడిచారు. ఇక నటన అయిపోయిందన్నమాట. దిగివచ్చి కుడి పెట్టెకు చెవి ఆనించారు.)

మామ: పైన సన్నటి స్వరాలు పలికే ట్వీటర్ మోగుతోంది. కింద బేస్, అంటే లావు స్వరాలు, పలికే వూఫర్ నోరు మూసుకుంది. స్వరాలను రెంటికీ పంచే క్రాసోవర్‌లో వూఫర్‌కి వెళ్లే దారిలో ఏముంది?

అల్లుడు: కాయిల్, రాగి తీగ చుట్ట.

మామ: దాని కాళ్లు ఒలిచారా?

అల్లుడు: ఒలవడానికి దానికేముంది? కిట్‌లో ఒలిచే ఇచ్చారు. రాగి ఎంత తళతళలాడుతోందో చూడండి!

మామ: (పవర్ ఆపుతూ) అల్లుడుగారూ, దాని మీద తొడుగు లేదే అనుకుందాం. అన్ని చుట్లూ ఒకదానికొకటి రాసుకుంటున్నాయి కదా, మరి కరెంటు బుద్ధిగా చుట్టు చుట్టూ ఎందుకు తిరుగుతుంది? అడ్డదారిలో పోదూ?

అల్లుడు: ...పోతుంది.

మామ: కాబట్టి ఏదో తొడుగు ఉన్నట్టే కదా. ఎనామిల్ పూత. పల్చగా, అద్దంలా ఉంటుంది కాబట్టి కింది రాగి కనిపిస్తుంది. కొన్ని రకాలు ఐరన్ వేడికే కరిగిపోతాయి, ఇది కరగని రకం. మీటర్ పెట్టండి.

(మల్టీమీటర్ బీప్ మోడ్‌లో పెట్టి, కాయిల్ రెండు చివర్లూ సోల్డర్ చేసిన చోట తాకించాడు. చప్పుడు లేదు, అంటే కరెంటుకి దారి లేదు. ఐరన్‌తో వేడి చేయగానే సోల్డర్ ముద్దలోంచి కాయిల్ కాలు చెక్కు చెదరకుండా బయటికొచ్చింది. దానికి ఎక్కడా సోల్డర్ అంటనే లేదు. మామగారు బ్లేడుతో నాలుగు వైపులా గీకితే గోధుమరంగు పొడి రాలింది. కింద రాగి లేతగా, గులాబి రంగులో బయటపడింది.)

మామ: అసలు రాగి రంగు ఇదీ. రెండో కాలు మీరు గీకండి. ముందు సోల్డర్ పూసి, ఆ తర్వాత క్రాసోవర్ బోర్డులో పెట్టండి. వేడి తీగకీ, బోర్డు మీది రాగి ప్యాడ్‌కీ తగలాలి, సోల్డర్ దానంతటదే పాకాలి.

(పాకింది. మీటర్ ‘కీ’మంది. వూఫర్ నోరు తెరిచింది.)

అల్లుడు: పాట వచ్చింది మామగారూ! కానీ బేస్ ఏది? రెండూ కలిసి మోగుతుంటే ఒక్కదానికంటే నీరసంగా ఉంది.

మామ: మీది తిరగేసి కలిపి ఉంటారు. ఒక స్పీకర్ కోన్, అదే కదిలే పొర, ముందుకీ, ఇంకోటి వెనక్కీ కొట్టుకుంటే బేస్ అంతా ఒకదానికొకటి చెల్లు. బోర్డు నుంచి వైర్లు విప్పి, 1.5 వోల్ట్ సెల్ తెచ్చి ఎర్ర టెర్మినల్‌కి ప్లస్, నల్లదానికి మైనస్ ఒక్క క్షణం తాకించండి. కోన్ బయటికి రావాలి.

అల్లుడు: కుడిది... బయటికి వచ్చింది. ఎడమది... లోపలికి పోయింది.

మామ: సెల్ తిరగేసి పట్టుకున్నారేమో.

అల్లుడు: ప్లస్ ఎర్రదానికే ఉంది. మీరే వచ్చి చూడండి.

(మామగారు కళ్లజోడు తుడుచుకుని చూశారు. మళ్లీ తుడుచుకుని చూశారు.)

మామ: అయితే మీ కుడిదాని వైర్లు తారుమారు చేసేయండి.

అల్లుడు: తప్పు మీదైతే, మార్చేది నాదా?

మామ: తప్పెక్కడుందండీ? రెండూ కలిసి బయటికి పోయినా, కలిసి లోపలికి పోయినా ఫేజ్ ఒకటే. పైగా నా పెట్టెకి నేను జిగురు పెట్టి మూసేశా. స్క్రూడ్రైవర్ ఇలా ఇవ్వండి, మీకెందుకు శ్రమ, మీది నేనే విప్పుతా.