సొంత ముద్ర కావలెను, అచ్చు మా శైలిలో

పిల్లల యానిమేషన్ స్టూడియోలకు ఆర్టిస్టులను ఎంపిక చేసే మా వృత్తి మీద బయట చాలా అపోహలున్నాయి. మేం మనుషుల కోసం వెతుకుతున్నామని, దొరకగానే ఉద్యోగం ఇస్తామని కొందరు నిజంగానే నమ్ముతున్నారు. ఆ నమ్మకం పోగొట్టడం మా బాధ్యత.

ముందు విజువల్ డెవలప్‌మెంట్ గురించి రెండు ముక్కలు. కథ ఇంకా ఒక కొలిక్కి రాకముందే, ఆ కథాలోకం ఎలా ఉంటుందో గీసి చూపించే పని ఇది. మంత్రగత్తె ఇల్లు ఎటు ఒరగాలి, పాప తప్పిపోయిన రాత్రి ఆకాశం నీలమా ఊదానా, ఎలుగుబంటికి మెడ ఉండాలా అక్కర్లేదా, అన్నీ ఇక్కడే తేలతాయి. ఇందులో గీసినవాటిలో చాలా బొమ్మలు తెర మీదికి రావు. ఇంత అవసరమైన, ఇంత కనిపించని పనికి మనిషిని ఎంచుకోవడం ఆషామాషీ వ్యవహారం కాదు.

అందుకే ప్రకటన ఆచితూచి రాస్తాం. అభ్యర్థికి తనదంటూ ఒక సొంత ముద్ర ఉండాలి. మా స్టూడియో శైలిని అచ్చు గుద్దినట్టు గీయగలగాలి. పసిపిల్లలకుండే కుతూహలం, దానికి తోడు కనీసం ఏడేళ్ల అనుభవం తప్పనిసరి. పోస్టు జూనియర్‌ది. ఈ షరతులు ఒకదానితో ఒకటి పొసగవని విమర్శించేవాళ్లున్నారు. అన్నీ పొసిగిపోతే మా శాఖతో ఇక పనేముంది?

షో ఇంకా ఖరారు కాలేదన్నది నిజమే. డబ్బు పెట్టేవాళ్లు దొరకలేదు, ప్రసారం చేసే చానెల్ తేలలేదు. అయినా ఆర్టిస్టుల వేట మొదలుపెడతాం. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అని వెక్కిరిస్తారు గానీ, సోమలింగానికి క్యారెక్టర్ డిజైన్ ముందే సిద్ధంగా ఉండటంలో తప్పేముంది?

ఇక పోర్ట్‌ఫోలియోలు. గుండ్రంగా ఉంటే మంచివాడు, చతురస్రమైతే నమ్మకస్తుడు, త్రికోణమైతే దుర్మార్గుడు అని షేప్ లాంగ్వేజ్ పేరుతో ఈ రంగంలో ఓనమాలతో పాటే నేర్పుతారు. అభ్యర్థులు బుద్ధిగా అలాగే గీసి పంపుతారు. అన్నీ ఒకేలా ఉన్నాయని మేం పక్కన పెడతాం. ఒకమ్మాయి మాత్రం ముసలమ్మను నిలువునా త్రికోణంగా గీసింది. సూది ముక్కు, కోసుగా మోచేతులు, చంకలో మడిచిన గొడుగు. ఆ గొడుగు కొన పట్టుకుని, కళ్లు మూసుకుని, ధీమాగా నడుస్తున్న ఒక బుడతడు. ఆ పేజీ దగ్గర గదిలో అందరం ఆగిపోయాం. ఎవరో నవ్వారు కూడా. ఎంత బాగుందో అనుకున్నాం. షేప్ లాంగ్వేజ్ మీద అవగాహన తక్కువని రాసి పంపేశాం.

కొందరు పాత పనే చూపిస్తారు, అది మాకు నచ్చదు. కొత్తది చూపించమంటే, గత రెండేళ్ల పనంతా విడుదల కాని షోలదని, గోప్యతా ఒప్పందం ఉందని నసుగుతారు. ఆ ఒప్పందం మీద సంతకం పెట్టించుకున్నది మేమే అనుకోండి. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినానివ్వదు అన్న సామెత పుట్టినప్పుడు లీగల్ డిపార్ట్‌మెంట్లు లేవు, లేకపోతే అది కూడా ఒప్పందంలో చేరేది.

ఈ గండాలన్నీ దాటినవాళ్లకు ఆర్ట్ టెస్ట్ ఉంటుంది. రెండు పాత్రలు, ఒక్కోదానికి ముందు నుంచి, ఓరగా, పక్క నుంచి, వెనక నుంచి టర్న్‌అరౌండ్. ఆరు హావభావాలు. ఒక లొకేషన్, పగలు ఒకటి, రాత్రి ఒకటి. శుక్రవారం సాయంత్రం పంపి సోమవారం పొద్దున్నకి అడుగుతాం. శని, ఆదివారాలు ఖాళీగా కూర్చుంటే ఆర్టిస్టులకు తోచదు. డబ్బులివ్వం. ఇస్తే అది పని అవుతుంది, పనైతే కాంట్రాక్టు రాయాలి. పాపం, అభ్యర్థికి అంత టెన్షన్ ఎందుకు?

మా వృత్తికి ఘనమైన చరిత్ర కూడా ఉంది. 1938లో డిస్నీ స్టూడియోకు దరఖాస్తు పెట్టిన ఒక యువతికి వచ్చిన జవాబు ఈనాటికీ మిగిలి ఉంది. కార్టూన్ల తయారీలో సృజనాత్మకమైన పనేదీ ఆడవాళ్లు చేయరు, అది పూర్తిగా యువకులదే అని అందులో సారాంశం. ఆడవాళ్లకు ఇంకు, రంగులు అద్దే విభాగం మాత్రం ఉందట. స్పష్టత అంటే అదీ. దురదృష్టవశాత్తూ రెండేళ్లకే, 1940లో, మేరీ బ్లెయిర్ అక్కడ చేరిపోయింది. తర్వాత 'సిండరెల్లా', 'ఆలిస్ ఇన్ వండర్‌లాండ్', 'పీటర్ పాన్' సినిమాలకు రంగుల ఊహ ఆవిడే ఇచ్చింది. ఎంత పెద్ద సంస్థలోనైనా ఒక్కోసారి నిఘా సడలుతుంది.

టైరస్ వాంగ్ విషయంలో జరిగింది మరీ ఘోరం. చైనాలో పుట్టి చిన్నప్పుడే అమెరికా చేరిన ఈయన 1938లో అదే స్టూడియోలో ఇన్‌బిట్వీనర్‌గా కుదిరాడు. యానిమేటర్ గీసిన రెండు ముఖ్యమైన భంగిమల మధ్య బొమ్మలు నింపడం ఆయన పని. 'బాంబీ' తీస్తున్నారని తెలిసి, ఎవరూ అడక్కుండానే, అడవి బొమ్మలు వేసి చూపించాడు. ఆకు ఆకూ చెక్కినట్టు కాదు, పాత చైనా చిత్రాల్లో లాగా పొగమంచులో సగం కరిగిన చెట్లు, వాటి మధ్య చిన్నగా లేడిపిల్ల. సినిమా రూపమంతా ఆ బొమ్మల మీదే నిలబడింది. 1941లో స్టూడియో ఉద్యోగుల సమ్మె తర్వాత ఆయన్ను తీసేశారు. 1942లో సినిమా వచ్చినప్పుడు టైటిల్స్‌లో నేపథ్య చిత్రకారుల వరుసలో ఆయన పేరు కూడా వేశారు.

ఇవాళైతే ఇలాంటివి జరగనివ్వం. రెజ్యూమెలో ఇన్‌బిట్వీనర్ అన్న మాట కనబడగానే, బొమ్మలు ఎవరి కంటా పడకముందే సాఫ్ట్‌వేర్ పక్కకు తోసేస్తుంది. అడక్కుండా పంపిన బొమ్మలంటారా, కవరు విప్పకుండానే తిప్పి పంపుతాం.

పిల్లల్ని ఎప్పుడైనా అడుగుతారా అని కొందరు ఎత్తిపొడుస్తుంటారు. ఎందుకు అడగం? మొన్నటి షోకి కొందరు పిల్లల్ని కూర్చోబెట్టి యానిమాటిక్, అంటే గీసిన బొమ్మల్ని వరసగా పేర్చి శబ్దం కలిపిన చిత్తుప్రతి, వేసి చూపించాం. హీరో గుండ్రంగా ఉన్నాడు, పాట ఉంది, నీతి ఉంది. పిల్లలు ఒకరి చెప్పులు ఒకరు వేసుకుని చూసుకుంటున్నారు. ఒక్క చోట మాత్రం "మళ్లీ వెయ్యి, మళ్లీ వెయ్యి" అని అరిచారు. చూస్తే, వెనక గోడ మీద ఒక పిల్లి. దాని తోక బొమ్మ అంచు దాటి బయటికి పోయి, అటువైపు నుంచి తిరిగి లోపలికి వస్తోంది. స్టైల్ గైడ్‌లో ఆ పిల్లి లేదు. తీసేశాం. గీసినతని కాంట్రాక్టు అప్పటికే ముగిసిపోయింది.

రెండో సీజన్‌కి అలాంటి పిల్లులు కావాలని చానెల్ వాళ్లు కబురు పెట్టారు. అతన్నే వెనక్కి పిలిస్తే పోతుంది కదా అని మీటింగ్‌లో ఎవరో అన్నారు. పిలిచాం. ఆర్ట్ టెస్ట్ పంపాం.